ఆమె ఉన్న ఒక్కపొద్దులు నావి

మా చుట్టాల ఇళ్ళలో కొత్త కోడలెవరైనా ఉపవాసాలు ఎక్కువ చేస్తున్నదంటే పెద్దవాళ్ళు నా భార్య సంగతి ఎత్తుతారు. మొన్న ఒక పెళ్ళిలోనూ అదే జరిగింది. వరసకు నాకు చిన్నమ్మ అయ్యే ఆమె, పక్కన కూర్చున్న అమ్మాయి విస్తరిలో అన్నం ముట్టకుండా మజ్జిగ మాత్రమే తాగడం చూసి, "గాయన పెండ్లాం గిట్లనే ఒక్కపొద్దులు పట్టి పట్టి పాణం మీదికి తెచ్చుకున్నది. దేవుడు తిననొద్దని చెప్పిండా బిడ్డా? తిను" అన్నది. గాయన అంటే నేను. ఎదుటి వరుసలోనే ఉన్నాను. వినపడనట్టు పప్పులో నెయ్యి కలుపుకున్నాను. ఇన్నేళ్ళుగా ఆ మాట వచ్చినప్పుడల్లా అలా ఏదో ఒకటి కలుపుకుంటూనే ఉన్నాను.

నాకు యాభై దగ్గర పడుతున్నాయి. ఆ మాట అన్నవాళ్ళను తప్పు పట్టను. వాళ్ళకు తెలిసింది అంతే. తెలియకుండా ఉంచింది నేను. ఆమె ఉన్న ఒక్కపొద్దులు ఆమెవి కావు, నావి. దేవుని భయంతో కడుపు మాడ్చుకున్న అమాయకురాలని ఆమెను గురించి చెప్పుకుంటున్నారు. తిండిని ఆమెలాగా ఇష్టంగా చూసుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

మా వైపు ఒక్కపొద్దు అంటే తెల్లవారినప్పటి నుంచి ఏమీ తినకుండా ఉండి, సాయంత్రం దీపం పెట్టుకున్నాక ఒక్కసారి తినడం. ఆ రోజు నీసు, అంటే మాంసం, ఉండదు, కల్లు ఉండదు. ఒక్కో దేవునికి ఒక్కో వారం. సోమవారం వేములవాడ రాజన్నది.

పోలీసు చర్య అయిపోయి ఊళ్ళు కుదుటపడుతున్న రోజుల్లో నాకు మోతీజ్వరం, అదే టైఫాయిడ్, వచ్చింది. అప్పటికింకా పెళ్ళి కాలేదు. కరీంనగరం జిల్లాలో మా ఊళ్ళోనే వ్యవసాయం చూసుకుంటూ, చదివిన నాలుగు ఉర్దూ ముక్కలతో ఏదైనా కొలువు దొరుకుతుందేమోనని చూస్తున్నాను. జ్వరం నన్ను మంచానికి అంటించేసింది. ఊళ్ళోవాళ్ళు వచ్చి నా ముఖం చూసి, బయటికి పోయి గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళట. అప్పుడు మా అవ్వ వేములవాడ దిక్కు తిరిగి మొక్కింది. నా కొడుకు లేచి నడిస్తే బతికినన్నాళ్ళు సోమవారం ఒక్కపొద్దు ఉంటాడు అని.

నేను లేచి నడిచాను. జ్వరం తగ్గినవాడి ఆకలి ఎలా ఉంటుందో అనుభవించినవాళ్ళకు తెలుసు. పథ్యం అయిపోయిన తర్వాత వచ్చిన మొదటి సోమవారం పొద్దున్నే తినడానికి ఇంత గట్క అడిగితే అవ్వ పెట్టలేదు. సంగతి చెప్పింది.

"నన్నడుగకుంట నా నోరు ఎట్ల కుదువ వెట్టినవే?" అన్నాను.

"నీకు తెలివుంటె గద అడిగేది. కండ్లే తెరువకపోతివి."

"రాజన్న గుళ్ళె కోడెను కడ్త అని మొక్కరాదు?"

"అదీ మొక్కిన. కోడె నాది, ఒక్కపొద్దు నీది. బతికింది నువ్వా నేనా?"

అవ్వ దృష్టిలో మొక్కు అంటే దేవునికి ఇచ్చిన మాట. మా ఇంట్లో కల్లు పాపం కాదు, మాంసం పాపం కాదు. పోచమ్మకు ముందు కల్లు సాక పోసి మిగిలింది అందరం తాగేవాళ్ళం. తప్పు తాగడంలో లేదు, దేవునిదని చెప్పిన రోజు తాగడంలో ఉంది. ఆ ఒక్క రోజు నాలుక మనది కాదు అనేది అవ్వ. ఆమె కళ్ళెదుట ఉన్నంతకాలం నేను ఒక్కపొద్దు ఉన్నాను. సణుగుతూ, మధ్యాహ్నం నుంచే పొద్దెక్కడున్నదో చూసుకుంటూ, దీపం వత్తి నేనే వేసి ఆమెను తొందరపెడుతూ ఉన్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు నాకు పెళ్ళయింది. అమ్మాయిది బోథ్ దగ్గరి పల్లె. వాళ్ళ బాపు పండరికి నడిచిపోయి తులసిమాల వేసుకుని వచ్చిన రైతు. ఆ ఇంట్లో మాల వేసుకున్నది ఆయనొక్కడే. ఆయనకు వేరే కుండలో వంట, మిగతావాళ్ళు అన్నీ తినేవాళ్ళు. ఎవరినీ మానమని ఆయన చెప్పలేదట. ఏకాదశి నాడు మాత్రం పిల్లలకు ఒక మాట చెప్పేవాడట: కడుపు కట్టుకునుడు అలకటి పని, నోరు కట్టుకునుడే కష్టం, ఇయ్యాల ఎవరినీ ఒక్క మాట అనవద్దు అని. ఆమె ఆ మాటను వాళ్ళ ఇంటి నుంచి మా ఇంటికి తెచ్చుకున్నది.

ఇంకొకటి తెచ్చుకున్నది, ఆకలి. మాది వరి తినే ఇల్లు, వాళ్ళది జొన్న తినే ఇల్లు. వచ్చిన వారం రోజులకు అవ్వతో, "అత్తమ్మా, గీ అన్నం తింటుంటే తిన్నట్టే ఉంటది, లేచినంక ఏం తిననట్టుంటది" అన్నది. అవ్వ నవ్వి జొన్నలు దంచి పిండి విసిరించింది. ఆమె రొట్టె చేసేటప్పుడు చేతుల చప్పుడు వాకిట్లోకి వినపడేది. వేడి రొట్టె మీద పచ్చిమిరపకాయల తొక్కు, కొట్టిన ఉల్లిగడ్డ, శనగపిండితో వాళ్ళవైపు చేసే పిట్ల. ఆమె మాట్లాడకుండా, తొందర లేకుండా, ప్రతి ముద్దను నమిలి తినేది. ఇంకొక రొట్టెకు చోటున్నప్పుడే లేచేది. బలవంతం చేస్తే, "గా చోటు గాలికి" అనేది.

కొన్నాళ్ళకు నాకు ఉట్నూరులో సర్కారు కొలువు దొరికింది. అడవి గూడేలు తిరిగే పని. జీపు దొరికితే జీపు, లేకపోతే నడక. అక్కడ ఇల్లు దొరకక నిర్మల్‌లో కాపురం పెట్టాను. బొమ్మలు చెక్కేవాళ్ళ వాడలో ఒక ముసలి ముస్లిం విధవరాలి ఇంట్లో సగభాగం. ఆమెను మేం ఖాలా, అంటే పిన్ని, అనేవాళ్ళం. పక్కింటివాళ్ళు పారేసే పొణికి చెక్క పేళ్ళు ఏరుకొచ్చి ఖాలా, నా భార్య ఇద్దరూ పొయ్యి అంటించుకునేవాళ్ళు. నేను వారంలో మూడు నాలుగు రోజులు ఉట్నూరు దిక్కే ఉండేవాణ్ణి.

మేం తిరిగే ఊళ్ళలో ఒకచోట సోమవారం అంగడి. చుట్టుపక్కల గూడేలవాళ్ళంతా అక్కడికే వస్తారు కాబట్టి మా పని కూడా ఆ రోజు అక్కడే. పని అయ్యాక కోడిని కోయించేవాళ్ళు, ఇప్పసార వచ్చేది. నేను కొన్ని వారాలు పక్కకు కూర్చున్నాను. తోటి ఉద్యోగులు నన్ను అయ్యగారూ అని పిలవడం మొదలుపెట్టారు. పెద్ద కష్టమేమీ కాదు అది. కానీ నాకు అప్పటికి కోపం వస్తుండేది, నేను మొక్కని మొక్కు నేనెందుకు మోయాలని.

ఒకసారి అవ్వ నిర్మల్ వచ్చి ఉన్నప్పుడు, ఆదివారం, బట్టలు సర్దుకుంటూ చెప్పాను. "అవ్వా, రేపు ఎండల పది మైళ్ళు నడవాలె. నాతోని కాదు."

అవ్వ కోడలు దిక్కు చూసింది. "ఇంట్ల ఒకలుంటె నడుస్తది. మా అత్త మా మామది ఉన్నది."

నా భార్య పొయ్యి దగ్గర పిండి కలుపుతున్నది. తలెత్తకుండానే, "నేనుంట తియ్యుండ్రి. ఒక్క వారమే గద" అన్నది.

"ఒక్క వారమని షురూ చేస్తె ఒక్క వారం కాదు బిడ్డా. చూసుకో. వీడు నా కొడుకు, నాకు ఎరుకే" అన్నది అవ్వ.

"ఒక్క వారమే" అన్నాను నేను.

మరునాడు పొద్దున గడప దాటుతుంటే ఆమె వెనక నుంచి, "మీ ఆకలి ఈడ ఇడిసిపెట్టి పోండ్రి, నేను సూసుకుంట" అని నవ్వింది. నేనూ నవ్వి పోయాను. ఆ మధ్యాహ్నం అంగడిలో కడుపునిండా తిన్నాను.

ఆ ఒక్క వారం ఏళ్ళపాటు సాగింది. ఆమె మళ్ళీ అడగలేదు, నేను మళ్ళీ చెప్పలేదు. సోమవారం ఆమెది అయిపోయింది. సెలవు వచ్చి నేను ఇంట్లో ఉన్న సోమవారాల్లో కూడా ఆమే ఉండేది. నాకు మాత్రం మూడు పూటలా వండిపెట్టేది. రుచి చూడకూడదు కనుక ఆ రోజు కూరలో ఉప్పు తక్కువయ్యేది. "ఉప్పు చూడలే, మీరే చూసి ఏసుకోండ్రి" అని గిన్నె పక్కన పెట్టేది. నేను వేసుకుని తినేవాణ్ణి.

వాళ్ళ బాపు మాట ప్రకారం ఆమె ఒక్కపొద్దు నాడు ఎవరినీ ఏమీ అనేది కాదు. నేను దాన్ని కూడా వాడుకున్నాను. చెప్పకుండా చుట్టాలను భోజనానికి పిలిచి వస్తే, కొత్త గొడుగు బస్సులో మరిచిపోయి వస్తే, ఆ సంగతి సోమవారం దాకా దాచి చెప్పేవాణ్ణి. ఆమె పెదవులు బిగబట్టి నా వైపు చూసి, "రేపు మంగళారం. రేపు చెప్త మీ సంగతి" అనేది. మంగళవారం నిజంగానే చెప్పేది. ఖాలా గోడ అవతలి నుంచి వింటూ, "హౌ బేటీ, ఇంక గట్టిగ" అని ఎగదోసేది.

ఆ సాయంత్రాలు నాకు కళ్ళకు కట్టినట్టున్నాయి. ఆమె స్నానం చేసి వచ్చి దీపం పెట్టేది. తడి జుట్టు ముడి వేసుకుని పీట మీద కూర్చునేది. రెండు జొన్న రొట్టెలు, పుంటికూర పప్పు, ఉల్లిగడ్డ. మొదటి ముద్ద తీసి నా నోట్లో పెట్టేది. "మొక్కు మీది గద, ముందు మీరు" అనేది. అప్పటికి నేను సాయంత్రం పలహారం కూడా తిని ఉండేవాణ్ణి. తిన్న నోటికి ఆ ముద్ద మామూలు ముద్దే. తర్వాత ఆమె తన ముద్ద పెట్టుకుని కళ్ళు మూసుకునేది. ఆమె నోట్లో అదే పప్పు ఇంకేదో అయ్యేదని ఆ ముఖం చూస్తే తెలిసేది.

ఒకనాడు అడిగాను, "గంతగనం ఏముంటది అండ్ల?"

"పొద్దుగాల ఆకలయితది. పగటీలి కోపమొస్తది, మీ మీద" అని నవ్వింది. "జర సేపటికి కోపం గూడ పోతది. గప్పుడు మంచిగుంటది. మీకెట్ల చెప్పాలె. కడుపు ఖాళీగుంటె ఊరంత చప్పుడు ఇనవడ్తది. దూరంగ బొమ్మలు చెక్కే ఉలి చప్పుడు గూడ. మనిషి ఉతికి ఆరేసిన బట్ట లెక్క అయితడు."

"అంత మంచిగుంటె నాకిచ్చెయ్యి."

"మీదే గద. ఎప్పుడన్న తీస్కోండ్రి."

అది ఆమె నాకు తిరిగి ఇవ్వజూపిన మొదటిసారి. నేను ఇంకొక ముద్ద అడిగి తిన్నాను, అంతే.

రంజాన్ నెలలో సోమవారం వస్తే ఖాలా, ఆమె ఒకేసారి పస్తు విడిచేవాళ్ళు. ఖాలా ఖర్జూరం పళ్ళు, ఉడికించిన శనగలు తెచ్చేది. ఈమె రొట్టె ఇచ్చేది. మసీదు వైపు నుంచి అజాన్ వినపడగానే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నోట్లో పెట్టుకునేవాళ్ళు. అలాంటి ఒక సాయంత్రం ఖాలాకు అసలు సంగతి తెలిసింది, ఆమె ఉంటున్నది నా మొక్కని.

ఖాలా నా వైపు తిరిగింది. "ఏం సాబ్, మీ రోజా మీ బేగం ఉంటదా? మరి జన్నత్ గూడ ఆమెనే పోతదా, మీరు దర్వాజ కాడ నిలవడ్తరా?"

"ఇంట్ల ఒకలుంటె నడుస్తది ఖాలా, మాదాంట్ల."

"నక్కో సాబ్. ఒకరి రోజా ఇంకొకరు ఉంటరా? బీమార్ ఉన్నోనికి, సఫర్ల దూరం పోయెటోనికి, కడుపుతోని ఉన్నామెకు మాఫీ ఉన్నది. గది గూడ అయినంక ఎవరిది వాళ్ళే ఉండాలె. మీకేం బీమారీ?"

నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. నేను కూడా నవ్వాను. నవ్వేసి ఊరుకోవడం నాకు బాగా అలవాటు.

పెళ్ళయిన ఏడెనిమిదేళ్ళకు ఆమెకు కడుపు నిలిచింది. అప్పటిదాకా మా ఊళ్ళోవాళ్ళు అన్న మాటలన్నీ ఆమె విన్నది, అవి ఇక్కడ రాయను. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆమె కనురెప్ప కిందికి లాగి చూసి, ఒంట్లో రక్తం లేదని, ఒక్క పూట కూడా పస్తుండవద్దని, ఆకుకూరలు, గుడ్లు, పాలు రోజూ తినాలని గట్టిగా చెప్పింది. రిక్షాలో వస్తుంటే ఆమె అడిగింది, "మరి సోమవారం?"

"డాక్టరమ్మ చెప్పింది గద, మానెయ్యి."

"మానెయ్యడానికి నాదా?"

నేను మందుల చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాను.

"గది మీ పాణం మీద మొక్కిన మొక్కు" అన్నది. "ఇన్నేండ్లు దాన్ని కింద వెట్టలే. ఇప్పుడు నా కడుపు కోసమని కింద వెడితె, రేపు మీకేమన్న అయితె? మీది మీరు తీస్కోండ్రి. తీసుకుంటె నేను తింట."

ఆమెకున్న భయం అదొక్కటే. బిడ్డ గురించి కాదు, నా గురించి. నేను ఉంటేనే ఆమె తింటుంది. నేను ఉండకపోతే ఆమె ఉంటుంది. ఉంటే ఆమెకూ, కడుపులో ఉన్నదానికీ ముప్పు. నేను సరేనన్నాను. ఆ మాట మనసారా అన్నానని ఇప్పుడు కూడా చెప్పగలను.

ఆ వచ్చిన సోమవారం సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. పొద్దున ఏమీ తినలేదు. ఆమె తనకోసం రొట్టె చేసుకుని, గుడ్డు ఉడికించుకుని, పళ్ళెం ముందు పెట్టుకుని కూర్చున్నది. రొట్టె తుంచింది. మళ్ళీ పళ్ళెంలో పెట్టింది.

"తినరాదు?"

"మీరు పస్తుంటె నాకెట్ల దిగుతది?"

ఇది మేం ఇద్దరమూ ఊహించలేదు. మగడు తినకముందు తినని ఇళ్ళలో పెరిగిన మనిషి. నేను మూడు పూటలా తింటుంటే ఆమె పస్తు ఉండగలిగింది కానీ, నేను పస్తు ఉంటే ఆమె ఒక్క ముద్ద మింగలేకపోయింది. బతిమాలాను. కసిరాను. పళ్ళెం అలాగే ఉన్నది. మధ్యాహ్నం దాటింది, ఆమె ముఖం పాలిపోయింది. ఇక లాభం లేదని నేను ఒక రొట్టె తీసుకుని, "ఇగో, నేనూ తింటున్న, తిను" అన్నాను. ఆమె పళ్ళెం పక్కకు జరిపి, "అయితే ఇయ్యాల నేనే ఉన్న" అన్నది.

నేను తింటే ఆమె తినదు. తినకపోతే కూడా తినదు. రొట్టె చేతిలో పట్టుకుని అలా కూర్చున్నాను.

ఖాలా మా మాటలన్నీ విని వచ్చింది. గుమ్మంలో నిలబడి చూసింది. "ఈ ఇంట్ల సోమవారం ఎవరు తింటరు? పిల్లి?"

ఆమె నవ్వింది, నేను నవ్వలేకపోయాను. ఖాలా లోపలికి వచ్చి కూర్చున్నది. "సాబ్, నువ్వు సోమవారం ఇంట్ల ఉండకు. గా జంగల్ల ఉండి రోజా ఉండు. మా దాంట్ల సఫర్ల ఉన్నోనికి మాఫీ, నీకు ఉల్టా. బేటీ కండ్లకు నువ్వు అవుపడకపోతె తింటది. నేను కూసోని తినిపిస్త." తర్వాత ఆమె వైపు తిరిగి, "ఏం బేటీ?" అన్నది.

ఆమె నా కళ్ళలోకి చూసింది. "ఆడ మీరు నిజంగ ఉంటరా?"

"ఉంట."

"నాకు కనవడదు. మీరు ఉంటనంటె నేను తింట. మీరు ఉండకపోతె నేను తిన్నది మీకు తగులుతది. గంతే."

అప్పటి నుంచి ఆదివారం సాయంత్రం బస్సుకు నేను ఉట్నూరు పోయేవాణ్ణి. సోమవారం అంగడిలో కోడి కూర గిన్నె నా ముందు నుంచే పోయేది. "ఏం అయ్యగారూ, మల్లా షురూ అయిందా? ఆమెకు కడుపయితె నువ్వు పథ్యం చేస్తున్నవా?" అని ఒకడు. "అవ్, ఆమె ఇద్దరి తిండి తినాలె గద, నా వంతు పంపిన" అన్నాను. వాళ్ళు నవ్వారు. నేను చెప్పింది మాత్రం ఉన్నమాటే. అక్కడ నేను ఒక ముద్ద మింగితే నిర్మల్‌లో ఆమె తిన్నది తప్పయిపోతుంది. అవ్వకు భయపడి ఉన్నప్పుడు పొద్దు ఎప్పుడు గుంకుతుందా అని చూసేవాణ్ణి. ఇప్పుడు మధ్యాహ్నం అయ్యేసరికి, ఇప్పుడు తింటూ ఉంటుంది అనుకునేవాణ్ణి. ఆ అనుకోవడంతోనే సాయంత్రం అయిపోయేది.

ఆమె చెప్పింది కూడా ఒకనాడు నాకు జరిగింది. ఆకలి పోయింది, విసుగు పోయింది, అంగడి గోలంతా ఒక్కో చప్పుడుగా విడివిడిగా వినపడింది. గోండు ఆడవాళ్ళ గాజులు, తక్కెడ గొలుసు, ఎక్కడో మేక. వెంటనే ఆమెకు చెప్పాలనిపించింది. ఆమె నలభై మైళ్ళ అవతల ఉన్నది. మరునాడు ఇంటికి వచ్చి చెప్పబోతే అది మామూలు మాట అయిపోయింది. "గట్లనా?" అని ఆమె నవ్వింది. సోమవారం నాడు పక్కన ఉండి ఉంటే ఒక్క మాట కూడా అక్కరలేకపోయేది.

మంగళవారం నేను గుమ్మంలో అడుగుపెట్టగానే ఆమె, "ఉన్నరా?" అని అడిగేది. ఉన్నాననేవాణ్ణి. ఆమె లోపలికి పోగానే నేను గోడ దగ్గరికి పోయి, "తిన్నదా ఖాలా?" అని అడిగేవాణ్ణి. "తిన్నది సాబ్." ఇద్దరమూ ఒకరినొకరు చూడని రోజు గురించి ఇలా అడిగి తెలుసుకునేవాళ్ళం.

బిడ్డ క్షేమంగా పుట్టింది, ఆడపిల్ల. డాక్టరమ్మ తల్లిని చూసి, ఇప్పుడు బాగున్నావు అన్నది. పాలిచ్చే తల్లి కనుక ఆ పద్ధతి అలాగే సాగింది. పాలు మానిపించాక నేను సోమవారం ఇంటికి వచ్చి ఉండవచ్చు. ఆమె అన్నది కూడా, "ఇగ ఇంట్లనే ఉండుండ్రి, ఇద్దరం కలిసి ఉందాం, పొద్దుమూకి ఇద్దరం కలిసి తిందాం" అని. నేను సరే అన్నాను. వచ్చే నెల అన్నాను. అప్పటికి నాకు ఆ అంగడి, అక్కడి పని, ఒంటరిగా ఉన్న ఆకలి అన్నీ అలవాటైపోయాయి. ఇద్దరం ఒకే పీట దగ్గర నిజమైన ఆకలితో కూర్చుని ఒక్కపొద్దు విడవడం మాకు ఒక్కసారి కూడా జరగలేదు. తొందరేముందనుకున్నాను.

బిడ్డకు మూడో ఏడు నడుస్తుండగా, వానాకాలంలో, ఆమెకు పసిరికలు, అదే కామెర్లు, వచ్చాయి. ఆకు మందు పోయించాం, ఆసుపత్రికి తీసుకుపోయాం. నెల తిరగలేదు.

దినాలకు వచ్చినవాళ్ళకు ఆమె ఒక్కపొద్దులు ఉండేదని తెలుసు. ఎవరో మొదట ఆ మాట అన్నారు, అందరూ అందుకున్నారు. చివరికి మా అవ్వే గుండెలు బాదుకుని, "నా మొక్కే నా కోడలును మింగింది" అని ఏడ్చింది. అప్పుడు నేను నోరు తెరవాలి. కాదవ్వా, ఆమె మానేసి చాన్నాళ్ళయింది, నాది నేను తీసుకున్నాను, రోగం వేరు అని చెప్పాలి. చెబితే, మరి అంతకుముందు అన్నేళ్ళు నువ్వేం చేశావని అడుగుతారు. అందుకని ఊరుకున్నాను. అవ్వ ఆ బరువుతోనే ఇంకొన్నేళ్ళు బతికి పోయింది. సోమవారం నేను తినకుండా ఉండడం చూసి జనం, భార్య మీద ప్రేమతో ఆమె మొక్కు ఈయన మోస్తున్నాడు అన్నారు. దానికి కూడా ఊరుకున్నాను. ఇంతకన్న తలకిందులుగా చెప్పడం ఎవరివల్లా కాదు.

బిడ్డను అవ్వ దగ్గర వదిలి, నిర్మల్‌లో ఇల్లు ఖాళీ చేయడానికి ఒక్కణ్ణే పోయాను. సామాను పెద్దగా లేదు. రొట్టెల పెనం, పీట, రెండు ట్రంకులు. అన్నీ బండిలో పెట్టించాక ఖాలా దగ్గర కూర్చున్నాను. ఆమె చాటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతున్నది. అంతమంది అన్న మాట నన్ను కూడా పట్టుకున్నది. నా భార్య నా కోసం అబద్ధం ఆడి ఉంటుందా? ఖాలా ఆమె కోసం నాతో అబద్ధం ఆడి ఉంటుందా?

"ఖాలా, నిజం చెప్పు. ఆమె సోమవారం తిన్నదా?"

ఖాలా చాట కింద పెట్టింది. "తిన్నది సాబ్. మొదట్ల ఏడ్సుకుంట తిన్నది. ఆయన గాడ ఆకలితోని ఉన్నడు ఖాలా, నేను గీడ మెక్కుతున్న అని. నేను తిట్టిన. ఏడుపు కలిపి తినకు, కడుపుల పిల్లకు ఉప్పెక్కువయితది అన్న. గప్పటిసంది నవ్వుకుంట తిన్నది."

"ఏం తిన్నది?"

"రొట్టె. ఇంకేం తింటది ఆమె. రెండు రొట్టెలు, పాలకూర పప్పు. ఒక గుడ్డు నేనే ఉడకవెట్టి ఇచ్చిన, వాసనొస్తది అన్నది, ముక్కు మూసి మింగిపిచ్చిన."

"అదెప్పుడు?"

"మొదటి సోమవారం."

"మరి ఆ తర్వాత సోమవారం?"

"చింతచిగురు దొరికింది. దాంట్ల రొయ్యల పొట్టు ఏద్దామంటె నక్కో అన్నది, సోమవారం గద, నీసు వద్దు ఖాలా, ఆయన కోసం గదొక్కటన్న ఇడిసిపెడ్దాం అన్నది. ఉత్తదే వండిన. మూడు రొట్టెలు తిన్నది గానాడు."

బండివాడు వాకిట్లో ఎడ్లను అదిలిస్తున్నాడు. నేను లేవలేదు. దాని తర్వాతి వారం ఏం తిన్నదని అడిగాను. ఖాలా చెప్పింది. బిడ్డ పుట్టాక మొదటి సోమవారం? చెప్పింది. పచ్చి మిర్చి తొక్కు అడిగిందని, బాలింతవు కదా అని తాను ఇవ్వలేదని, ఇద్దరికీ పోట్లాట అయిందని చెప్పింది. నేను అడుగుతూ పోయాను. ఖాలా బియ్యం సంగతి మరిచిపోయి, ఏ వారం ఏం కూర, ఎన్ని రొట్టెలు, తిన్నాక ఏమన్నది, అన్నీ చెబుతూ పోయింది. ఒక్క వారానికి కూడా యాదికి లేదు అనలేదు.